తీగ సల్లారినాక

మొదటి తూరి
పాత ఇస్త్రీపెట్టె పొట్ట ఇప్పి
నిక్రోమ్ తీగ పీకినా.
పెన్సిలుకు పద్నాలుగు సుట్లు సుట్టి
థర్మాకోలు పెట్టెలో బిగించినా.
నలభై నాటుకోడి గుడ్లు,
ఒక్కొక్కటీ చెవికాడ ఊపి సూసి తెచ్చినవి.
బోర్డు మీద అంకె కదల్లే.
తీగ నిప్పుకణిక మాదిరి ఎర్రబడె,
అంకె మాత్రం అట్లే, అసలేం ఎరగనట్టు.
మర్నాటికి గుడ్లు ఉడికి
మా సందులో కుక్కలకు పండగ.

కాశింబీ రివైండింగు అంగడి
ఆదోనిలో పత్తిమిల్లు గోడకు ఆనుకోనుంటాది.
బోరు మోటార్లు పేగులు బైటేసుకోని
వరసగా పడుంటాయి ఆడ.
నా సుట్టను ఏళ్ళ మధ్య దొర్లించి
"ఇది మొండిది ఈరేశా" అనింది.
"ఎంత కాల్చినా లోపల మారదు.
నీ బోర్డుకు కన్ను లేదు, సెయ్యి లేదు.
తీగ ఎంత అడ్డం తిరిగితే
అంత యేడి ఉండాదని లెక్క గడ్తాది.
అడ్డం తిరగని దానికాడ ఏం లెక్క?"

మూరెడు నికెల్ తీగ తెంపిచ్చింది.
మెత్తన. గోటికే వంగుతాది.
రోంత యేడెక్కితే సాలు, మనసులో దాసుకోదు.

రెండో తూరి బోర్డు పిరికిదైపోయె.
స్విచ్చేసిన అర నిమిషానికే
కాలిపోతాండా, కాలిపోతాండా అని ఆరిపోయేది.
పెట్టెలో సెయ్యి పెడితే సల్లగా బాయినీళ్ళు.
పదో దినానికి వాసన.
కాశింబీ తీగ జోలికే పోలే.
స్క్రూడ్రైవరు అందుకోని
మూలనున్న ఒక్క మరను ముప్పావు సుట్టు తిప్పింది.
"తీగ నిజమే సెప్పింది. ముడి అబద్ధమాడింది."

మూడో తూరికి డబ్బు
ఉరుకుందమ్మ పాలసీటీ దుడ్లు.
అవి గూడ ఉడికినాయి.
ఆయమ్మ నాతో మాట్లాడక నాలుగు దినాలాయె.
మాట్లాడిద్దామని నేను పోయిందంతా
మిట్టమద్యానమే, అన్నం కాడనే.

"కొలిచిందెప్పుడు?" అనడిగింది కాశింబీ.
సుట్టంగానే అన్యా.
ఒకసారి ఎర్రగ జేసి, సుట్లన్నీ నడుమ నుంచి సమంగా
రగులుకుంటాండాయా లేదా సూసి,
ఎంటనే మీటరు పెట్టినా.
సెయ్యి నెత్తిన పెట్టుకున్యాది.
"కాలతాండేదాన్ని సల్లనిదని రాసిస్తివి.
ఇంగ అది ఎంత కాలితే నీకు కాలినట్టు?
సల్లారనీ. ఆ తర్వాత అడుగు దాన్ని."

మే నెల్లో ఆదోనిలో
యాడుందమ్మా సల్లదనం?
బోర్డు జేసినోడు ఇరవై డిగ్రీలనుకున్నాడంట,
యా సీమోడో పాపం.
మా మిద్దె బండలు సందకాడ తాగిన ఎండను
నడిజాము దాకా కక్కుతానే ఉంటాయి.
పెట్టె ముందర మంచమేసుకోని కూసుంటి.
పన్నెండుకు ముప్పై మూడు.
రెండుకు ముప్పై ఒకటి.
దోమలు. పక్కింట్లో ఎవరో దగ్గుతాండారు.
నాలుగుకు ఇరవై తొమ్మిది. ఇంగ దిగదు.
బోర్డుకు మా ఊరి సల్లదనం ఇరవై తొమ్మిదని సెప్తి,
మీటరు ముళ్ళు తీగ మీద ఆనిస్తి.
కండ్లద్దాలు లోపల మర్సిపోయినా.
అంకె మసకమసకగా కనిపిస్తాంది.

ఎనక నుంచి టార్చిలైటు పడె.
"సున్నా పాయింటు ఆరు రెండు" అనింది ఉరుకుందమ్మ.
మళ్ళా సూడు అన్యా.
"ఆరు రెండే. కదల్లే."
రాసుకున్యా. ఆయమ్మ పాయ.
రెండు మాటలే.
నేను గూడ వేరే ఏం అడగలే,
అడగబోయి నిలుపుకున్యా.

ఈపొద్దు తొమ్మిదో దినం.
సీకట్లో గుడ్డుకు టార్చి ఆనిస్తే
లోపల ఎర్రటి సన్నతీగలు,
ఏ పెన్సిలుకూ సుట్టనివి,
నడుమ ఒక సుక్క కొట్టుకుంటాంది.
ముప్పై గుడ్లలో పదకొండు ఉత్తవి.
పక్కన బెట్టినా.

మూలనున్న మర
మళ్ళా రోంత వదులైనట్టుండాది.
స్క్రూడ్రైవరు యాడ పెట్టినావని
తెల్లారినాక అడగాల.
కాదు,
తెల్లారకముందే.